వెండి దయ్యం, దాని మునిమనుమడు

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు చూడకుండా రారు. దానికి దగ్గరలోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. ఒకప్పుడు నిజాము నవాబులు దర్బారు జరిపిన భవనం అది. అక్కడ ప్రదర్శనకు ఉంచిన పాత కార్లలో ఒక పసుపుపచ్చని కారు ఉంది. దాని వెనక భాగంలో సింహాసనం లాంటి ఎత్తయిన ఆసనం అమర్చారు. ఆ కారును తెప్పించమని ఆర్డరు ఇచ్చినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్. కాని కారు చేతికి వచ్చేలోగానే, 1911లో, ఆయన చనిపోయాడు. 1912లో వచ్చిన ఆ కారు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది.

ఆ రకం కారు పేరు 'సిల్వర్ ఘోస్ట్'. తెలుగులో చెబితే 'వెండి దయ్యం'! ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీ తయారీ అది. రాజులూ నవాబులూ ఎక్కే కారుకు దయ్యం పేరేమిటా అని మీకు నవ్వు రావచ్చు. దయ్యం నడిస్తే అడుగుల చప్పుడు వినబడదని కథల్లో చెబుతారు గదా! ఈ కారు కూడా అలాగే చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతుందని ఆ పేరు పెట్టారు.

దాదాపు వంద సంవత్సరాల తర్వాత, 2009లో, అదే కంపెనీ 'ఘోస్ట్' పేరుతో మరో కారు తెచ్చింది. 2020లో దాన్ని మళ్ళీ మొదటినుంచీ కొత్తగా రూపొందించింది. పాత దయ్యానికి ఇది మునిమనుమడన్నమాట. ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

"ఇటువంటి కార్లు కొనేవాళ్ళు లక్షకొకరు కూడా ఉండరు. మనకెందుకు వీటి గొడవ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని నవాబుగారి కారుకూ, మీరు బడికి వెళ్ళే బస్సుకూ వేరు వేరు భౌతిక శాస్త్రం లేదు. ఖర్చుకు వెనకాడని చోట ఇంజనీర్లు ప్రకృతి సూత్రాలతో ఎంత దూరం వెళ్ళగలిగారో, ఎక్కడ ఆగిపోయారో ఈ రెండు కార్లలో బాగా కనబడుతుంది.

పేపర్లు అమ్మిన కుర్రవాడు

హెన్రీ రాయిస్ 1863లో ఇంగ్లండులో పుట్టాడు. తొమ్మిదేళ్ళకే తండ్రి పోయాడు. పత్రికలు అమ్మి, టెలిగ్రాములు పంచి పొట్టపోసుకున్నాడు. బడిలో చదివింది బహు తక్కువ. కాని పట్టుదలతో విద్యుత్తు పని నేర్చుకుని, మాంచెస్టరులో డైనమోలు, విద్యుత్ క్రేనులు తయారుచేసే కార్ఖానా పెట్టాడు. తర్వాత ఒక ఫ్రెంచి కారు కొన్నాడు. దాని మోత, లోపాలు ఆయనకు నచ్చలేదు. వాటిని దిద్దుతూ దిద్దుతూ, చివరికి తానే ఒక కారు తయారుచేశాడు. 1904లో దాన్ని చూసి ముచ్చటపడిన కార్ల వ్యాపారి ఛార్లెస్ రోల్స్ ఆయనతో చేతులు కలిపాడు. అలా 'రోల్స్ రాయిస్' పుట్టింది.

1906లో ఈ కంపెనీ ఆరు సిలిండర్ల పెద్ద కారు ఒకటి బయటపెట్టింది. ఆ రకంలో ఒక కారుకు 1907లో వెండి రంగు వేసి, వెండి పూత సామాను బిగించి 'సిల్వర్ ఘోస్ట్' అని పేరు పెట్టారు. నిజానికి ఆ పేరు ఆ ఒక్క కారుదే. జనం నోట నాని క్రమంగా ఆ రకం కార్లన్నిటికీ అంటుకుంది.

పేరు పెట్టగానే సరా? నిరూపించాలి కదా! 1907లోనే ఆ కారును లండన్, గ్లాస్గో నగరాల మధ్య రాత్రింబవళ్ళు అటూ ఇటూ పరుగెత్తించారు. మొత్తం 15,000 మైళ్ళు. అంటే 24,000 కిలోమీటర్లు! ఆ రోజుల్లో చాలా కార్లు ఊరు దాటేలోపే ఏదో ఒకటి ఊడి ఆగిపోయేవి. ఈ కారు మాత్రం మొదట్లో ఒకసారి, పెట్రోలు కుళాయి అదురుకు దానంతటదే మూసుకుపోయినందువల్ల, ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్ళు చెడిపోయి ఆగటమన్నది లేదు. పరీక్ష అయ్యాక కారును ఊడదీసి భాగాలన్నీ కొలిచారు. అరిగిన భాగాలను మార్చటానికి అయిన ఖర్చు రెండు పౌండ్లకు కాస్త ఎక్కువ, అంతే!

రోకళ్ళ లెక్క

ఇంజనులో చప్పుడు ఎక్కడ పుడుతుంది? ముందు ఇది తెలుసుకోవాలి.

పెట్రోలు ఇంజనులో సిలిండరు అనే గొట్టంలో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'ముషలకం' అంటారు. ముసలం అంటే రోకలి. చక్కటి పేరు! పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుకోవటం, దాన్ని నొక్కటం, నిప్పురవ్వతో మండించటం, పొగను బయటికి నెట్టటం - ఈ నాలుగు పనులు వరసగా జరుగుతాయి. ఈ నాలుగింటిలో బలం వచ్చేది ఒక్క మండే దెబ్బలోనే. క్రాంక్ షాఫ్ట్ అనే వంకర ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక సిలిండరు నుంచి ఒక్క దెబ్బ వస్తుంది.

రోట్లో వడ్లు దంచటం గుర్తుచేసుకోండి. ఒక్కరే దంచితే దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలా ఎడం ఉంటుంది. ఎదురెదురుగా ఇద్దరు నిలబడి మార్చి మార్చి వేస్తే దెబ్బలు దగ్గరవుతాయి. ముగ్గురైతే ఇంకా దగ్గరవుతాయి. ఇంజనులో కూడా అంతే. ఒకే సిలిండరున్న మోటారు సైకిలు 'డుగ్ డుగ్' అని కుదుపుతూ పోతుంది. ఆరు సిలిండర్లుంటే షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకూ మూడు దెబ్బలు సమానమైన ఎడంతో పడతాయి. కుదుపు బాగా తగ్గుతుంది.

ఆరు సిలిండర్లను ఒకే వరసలో పెట్టటంలో మరో లాభం ఉంది. పిస్టను పైకి పోయి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్ళీ పైకి పోతుంది. ప్రతిసారీ అది ఇంజనును అటొకసారి, ఇటొకసారి లాగుతుంది. ఆరింటిని సరిగా అమరిస్తే, కొన్ని పైకి లాగే క్షణంలోనే మరికొన్ని అంతే బలంతో కిందికి లాగుతాయి. ముందు మూడూ, వెనక మూడూ అద్దంలో నీడల్లా ఉంటాయి కనుక ఉయ్యాలబల్లలా ఊగటం కూడా ఉండదు. లాగుళ్ళన్నీ ఒకదానితో ఒకటి రద్దయిపోతాయి!

మరి అందరూ ఆరు సిలిండర్ల ఇంజన్లు ఎందుకు చేయలేదు? చేశారు, దెబ్బతిన్నారు. ఆరు సిలిండర్లకు పొడవాటి షాఫ్టు కావాలి. తడిగుడ్డను రెండు చేతులతో మెలిపెట్టినట్టు, వరస దెబ్బలకు ఆ షాఫ్టు మెలిపడి, వదిలి, మళ్ళీ మెలిపడుతుంది. అలా మెలికలు తిరిగి తిరిగి విరిగిన షాఫ్టులు ఎన్నో. రాయిస్ తన షాఫ్టును లావుగా చేశాడు. ఏడు చోట్ల బేరింగులతో దాన్ని గట్టిగా పట్టాడు. ఆ బేరింగులకు నూనె ఒత్తిడితో చేరే ఏర్పాటు చేశాడు. చప్పుడు పుట్టిన తర్వాత కప్పిపెట్టటం కాదు, అసలు పుట్టకుండా చూడటం ఆయన పద్ధతి.

ఇక కొత్త ఘోస్ట్ సంగతి. దానిలో పన్నెండు సిలిండర్లున్నాయి. ఆరేసి చొప్పున రెండు వరసలుగా, ఇంగ్లీషు 'వీ' అక్షరం ఆకారంలో పెట్టారు. రెండు వరసలూ ఒకే షాఫ్టును తిప్పుతాయి. అంటే, పాత ఆరు సిలిండర్ల అమరికనే రెండుసార్లు వాడుకున్నారన్నమాట! తాత నేర్పిన లెక్కను మునిమనుమడు మరచిపోలేదు.

పన్నెండు రెట్ల బలం ఎలా వచ్చింది?

ఇప్పుడొక వింత చూడండి. 1907 నాటి కారులో సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం 7,036 సి.సి. కొత్త కారులో 6,749 సి.సి. అంటే కొత్త ఇంజను కొంచెం చిన్నదే! కాని పాతదాని శక్తి 48 హార్స్‌పవర్. కొత్తదానిది 563. దాదాపు పన్నెండు రెట్లు! కొలత పెరగకుండా బలం ఎలా పెరిగింది? మూడు మెట్లుగా చూద్దాం.

మొదటి మెట్టు వేగం. పాత ఇంజను తన పూర్తి శక్తిని నిమిషానికి 1,250 చుట్ల దగ్గర ఇచ్చేది. కొత్తది 5,000 చుట్ల దగ్గర ఇస్తుంది. సరిగ్గా నాలుగు రెట్లు. రోలు అదే అయినా నాలుగు రెట్లు తొందరగా దంచితే నాలుగు రెట్ల పని జరుగుతుంది కదా!

రెండో మెట్టు నొక్కుడు. మంట పెట్టేముందు మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతారో దాన్ని సంపీడన నిష్పత్తి అంటారు. పాత ఇంజనులో ఇది 3.2 మాత్రమే. కొత్తదానిలో సుమారు 10. ఎంత గట్టిగా నొక్కి మండిస్తే అంత ఎక్కువ వేడి పనిగా మారుతుంది. సిద్ధాంతం ప్రకారం లెక్కవేస్తే, 3.2 దగ్గర వేడిలో నూటికి 37 వంతులు, 10 దగ్గర 60 వంతులు పనిగా మారవచ్చు. నిజమైన ఇంజన్లలో ఇంతకంటే చాలా తక్కువే దక్కుతుంది. కాని రెండింటి మధ్య తేడా మాత్రం ఇంచుమించు ఇదే పాళ్ళలో, 1.6 రెట్లు ఉంటుంది. నాలుగును 1.6తో హెచ్చవేయండి. 6.4 వచ్చింది.

మూడో మెట్టు గాలి. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే మంట ఎలా రేగుతుందో మీకు తెలుసు. కొత్త ఇంజనులో బయటికి పోయే పొగ తోపుతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం మరో చక్రాన్ని తిప్పి, సిలిండర్లలోకి గాలిని కుక్కుతుంది. దీన్ని టర్బో అంటారు. గాలి ఎక్కువైతే దానికి తగ్గట్టు పెట్రోలు కూడా ఎక్కువ మండించవచ్చు. దీనివల్ల బలం 1.8 రెట్లు పెరిగిందనుకుంటే, 6.4ను 1.8తో హెచ్చవేయండి. పదకొండున్నర! మనం వెతుకుతున్న పన్నెండుకు ఎంత దగ్గరకు వచ్చామో చూశారా?

"మరి రాయిస్ కూడా పదో వంతుకు నొక్కవచ్చు కదా?" అంటారేమో. నొక్కలేడు. ఆ రోజుల పెట్రోలు నాసిరకం. గట్టిగా నొక్కితే నిప్పురవ్వ కోసం ఆగకుండా తనంతట తానే అంటుకుని, సిలిండరులో సుత్తితో కొట్టినట్టు 'టక్ టక్' మంటుంది. 1921లో అమెరికాలో పెట్రోలుకు సీసపు సమ్మేళనం కలిపితే ఈ జబ్బు పోతుందని కనుక్కున్నారు. జబ్బు పోయింది కాని విషం వచ్చింది. పొగతోపాటు సీసం గాలిలో కలిసి, ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని చేస్తుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. ఇప్పుడు చమురు శుద్ధి కర్మాగారాలలోనే మెరుగైన పెట్రోలు తయారుచేస్తున్నారు. ఇంజను ఒక్కటే బాగుపడితే చాలదు, దాని తిండి కూడా బాగుపడాలన్నమాట.

బయలుదేరటం ఒక సాహసం

కొత్త కారులో ఎక్కి ఒక బొత్తాము నొక్కితే ఇంజను కదులుతుంది. పాత కారుకు ముందుభాగాన ఇనప హ్యాండిలు ఉండేది. డ్రైవరు కారు ముందు నిలబడి దాన్ని గట్టిగా తిప్పాలి. ఇంజను ఒక్కోసారి వెనక్కి తన్నేది. హ్యాండిలు గిర్రున ఎదురు తిరిగి మణికట్టు విరిచేది. అందుకే బొటనవేలిని హ్యాండిలు చుట్టూ బిగించవద్దని డ్రైవర్లకు నేర్పేవారు. విద్యుత్ మోటారుతో ఇంజనును తిప్పే పద్ధతిని అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించగా, 1912లో కాడిలాక్ కార్లలో అది వచ్చింది. సిల్వర్ ఘోస్ట్‌లకు 1919 నుంచి అమర్చారు.

దీపాల సంగతీ అంతే. పాత కారు పెద్ద దీపాలలో ఎసిటిలీను వాయువు మండేది. కాల్షియం కార్బైడు ముక్కల మీద నీటి చుక్కలు పడితే ఈ వాయువు పుడుతుందని మీ రసాయన శాస్త్రం పుస్తకంలో చదివే ఉంటారు. అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించి బయలుదేరేవారు! కొత్త కారుకు లేజరు సాయంతో వెలిగే దీపాలు పెట్టారు. వాటి వెలుగు 600 మీటర్లకు పైగా పోతుంది.

పరుగు కన్నా ఆగటం ముఖ్యం

ఏ బండికైనా ఎంత వేగంగా పోగలదు అన్నది రెండో ప్రశ్న. ఎంత త్వరగా ఆగగలదు అన్నది మొదటి ప్రశ్న.

1912 నాటి కారులో బ్రేకులు వెనక చక్రాలను మాత్రమే పట్టేవి. ఇది ఎందుకు చాలదో మీ అనుభవంలోనే ఉంది. బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలబడినవాళ్ళంతా ముందుకు తూలుతారు. బస్సు బరువు కూడా అలాగే ముందుకు ఒరుగుతుంది. ముందు చక్రాలు నేలను గట్టిగా అదుముతాయి. వెనక చక్రాల మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే ఘర్షణ తగ్గుతుంది. అంటే, అవసరం పడిన క్షణంలోనే వెనక బ్రేకు పట్టు సడలుతుందన్నమాట! నాలుగు చక్రాలకూ బ్రేకులు సిల్వర్ ఘోస్ట్‌లకు 1924 నాటికి గాని రాలేదు.

వేగం రెట్టింపయితే గతిజ శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పాత కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. కొత్త కారును 250 దగ్గర కట్టడి చేశారు. వేగం మూడు రెట్లకు పైగా. కిలో బరువుకు లెక్కవేస్తే శక్తి దాదాపు పది రెట్లు! ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చి గాలికి వదలాలి. అందుకే కొత్త కారుకు నాలుగు చక్రాలకూ పెద్ద డిస్కు బ్రేకులున్నాయి. చక్రం తిరగకుండా బిగుసుకుని జారిపోబోతే, ఒక చిన్న కంప్యూటరు సెకనుకు ఎన్నోసార్లు బ్రేకును వదిలి పట్టి, వదిలి పట్టి, పట్టు నిలుపుతుంది. ఈ ఏర్పాటు ఒకప్పుడు ఖరీదైన కార్ల సొత్తు. 2019 నుంచి మన దేశంలో 125 సి.సి. మించిన కొత్త మోటారు సైకిళ్ళకే దీన్ని తప్పనిసరి చేశారు.

చప్పుడును వేటాడటం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రెండు కార్లకూ లక్ష్యం మౌనమే. దారులు వేరు.

బస్టాండులో ఆగి ఉన్న బస్సులో కూర్చున్నప్పుడు ఇది గమనించండి. ఇంజను నెమ్మదిగా ఆడుతుంటే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. డ్రైవరు ఏక్సిలరేటరు కాస్త తొక్కగానే ఆ మోత ఆగిపోతుంది. ఇంజను చప్పుడు పెరిగినా అద్దాల మోత ఆగిపోవటం వింత కాదూ? ప్రతి వస్తువుకూ తాను సహజంగా ఊగే లెక్క ఒకటి ఉంటుంది. సెకనుకు ఇన్నిసార్లు అనే ఆ లెక్కనే సహజ పౌనఃపున్యం అంటారు. ఇంజను అదురు ఆ లెక్కతో కలిసినప్పుడు అద్దం పూనకం వచ్చినట్టు ఊగుతుంది. లెక్క తప్పగానే ఊరుకుంటుంది. దీన్ని అనునాదం అంటారు.

రాయిస్ దగ్గర ఈ అదురులను కొలిచే ఎలెక్ట్రానిక్ సాధనాలు లేవు. చెవి, చేతివేళ్ళు, అనుభవం - ఇవే ఆయన సాధనాలు. భాగాలను పరమ కచ్చితంగా అరగదీయించి, సందులు లేకుండా కూర్చి, పెద్ద ఇంజనును నెమ్మదిగా తిప్పి మౌనం సాధించాడు.

కొత్త ఘోస్ట్ ఇంజనీర్లు కారులో వంద కిలోలకు పైగా చప్పుడు పీల్చే సామగ్రి నింపారు. తలుపుల్లో, కప్పులో, నేలలో, చివరికి టైర్లలో కూడా. ఆ తర్వాత మైకులతో ఒక్కొక్క భాగాన్ని వెతికారు. సామాన్లు పెట్టే వెనక అర ఖాళీ కుండలా పనిచేసి 'బూ' మని మంద్రస్వరం పుట్టిస్తోందని తేలింది. కుండ మూతి దగ్గర ఊది చూడండి, ఆ స్వరమే. గాలి బయటికి పోయేందుకు రంధ్రాలు పెట్టి దాని నోరు మూయించారు. తీరా అంతా నిశ్శబ్దమయ్యాక మరో చిక్కు వచ్చింది. మరీ చప్పుడు లేకపోతే మనిషికి ఏదో తికమకగా ఉంటుందట! అందుకని సీట్లవంటి భాగాల అదురును ఒకే సన్నని స్వరానికి శ్రుతి చేశారు. మౌనం కోసం అంత కష్టపడి, చివరికి కాస్త గుసగుసను మిగుల్చుకున్నారు.

రోడ్డు కుదుపుల విషయంలోనూ ఇదే తేడా. పాత కారుకు ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చిన కమాను కట్టలుండేవి. లారీల కింద మీరు చూసేవి అవే. గుంట వచ్చాక అవి వంగి, దెబ్బను మింగుతాయి. కొత్త కారులో గాలి నింపిన స్ప్రింగులున్నాయి. వాటికి తోడు కెమెరాలు ముందున్న రోడ్డును చదివి, గుంట రాకముందే చక్రాలను సిద్ధం చేస్తాయి.

లీటరుకు ఎంత దూరం?

ఇంతవరకూ మునిమనుమడిదే పైచేయి. ఇప్పుడు ఈ లెక్క చూడండి.

1911లో ఒక సిల్వర్ ఘోస్ట్‌ను లండన్ నుంచి ఎడిన్‌బరోకు, అక్కడినుంచి తిరిగి లండనుకు గేరు మార్చకుండా నడిపారు. ఆ ప్రయాణంలో అది గాలనుకు 24.32 మైళ్ళు ఇచ్చింది. మన లెక్కలో లీటరుకు 8.6 కిలోమీటర్లు. కొత్త ఘోస్ట్ ప్రామాణిక పరీక్షలో ఇచ్చేది లీటరుకు ఆరున్నర కిలోమీటర్లు!

ఇది పూర్తిగా సమానమైన పోటీ కాదని ముందే చెప్పాలి. ఆనాటి కారు గంటకు సగటున 30 కిలోమీటర్ల వేగంతో, నిదానంగా పోయింది. కొత్త పరీక్షలో వేగాలు ఎక్కువ, ఆగటాలూ బయలుదేరటాలూ ఎక్కువ. అయినా ఆలోచించవలసిన విషయమే. వేడిని పనిగా మార్చటంలో కొత్త ఇంజను ఎంతో మెరుగు అని మనమే లెక్కవేశాం. ఆ లాభమంతా ఏమయింది?

బరువుకూ, వేగానికీ ఖర్చయింది. కొత్త కారు బరువు సుమారు 2,490 కిలోలు. ఆగిన ప్రతిసారీ అంత బరువునూ మళ్ళీ కదిలించాలి. ఇక గాలి. వేగం రెట్టింపయితే గాలి అడ్డగించే బలం నాలుగు రెట్లవుతుంది. శాస్త్రం ఇచ్చిన పొదుపును మనం సుఖం కోసం, వేగం కోసం ఖర్చుపెట్టుకున్నామన్నమాట. ఇది ఈ ఒక్క కారు కథ కాదు. అనేక యంత్రాల కథ ఇదే.

మరో లెక్క. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో. అది పూర్తిగా మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముప్పాతిక కిలో నుంచి 2.3 కిలోలా? అవును. పెట్రోలులోని కార్బనుకు గాలిలోని ఆక్సిజను కలుస్తుంది. మిగతా బరువు దానిది. 2.3 కిలోలను ఆరున్నరతో భాగించండి. కిలోమీటరుకు సుమారు 350 గ్రాములు! భూమిని వేడెక్కిస్తున్న వాయువు ఇదే. కొత్త కారు పొగగొట్టంలో విషవాయువులను శుభ్రపరిచే పరికరం ఉంది. పాత కారులో అది లేదు. కాని కార్బన్ డయాక్సైడ్‌ను ఆ పరికరం ఆపలేదు. పెట్రోలు మండితే అది రావలసిందే.

ఇంతకీ ఏది గొప్ప?

ప్రమాదం జరిగితే ప్రాణం కాపాడేది కొత్తదే. అందులో సందేహం లేదు. నాలుగు చక్రాలకూ బ్రేకులు, సీటు బెల్టులు, గాలి సంచులు - ఇవేవీ పాత కారులో లేవు.

కాని మన్నిక మాటేమిటి? 1907లో పేరు పెట్టిన ఆ మొదటి వెండి దయ్యం ఇప్పటికీ భద్రంగా ఉంది. 8 లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగింది. దానిలో ఏ భాగం అరిగినా లేతు పని తెలిసిన మంచి మెకానిక్ కొలత తీసి కొత్తది చేయగలడు. కొత్త కారులో ఎన్నో పనులను కంప్యూటర్లు నడిపిస్తాయి. వంద ఏళ్ళ తర్వాత ఆ కంప్యూటరు చెడిపోతే, దాన్ని బాగుచేసేవాళ్ళు ఉంటారా? యంత్రం తెలివి పెరిగేకొద్దీ, దాన్ని విప్పి చూసి అర్థం చేసుకోవటం కష్టమవుతోంది. కాబోయే ఇంజనీర్లు మీరే కనుక ఈ ప్రశ్న మీకే వదులుతున్నాను.

చప్పుడు వేట కూడా పూర్తికాలేదు. పిస్టను ఉన్నంతకాలం పైకీ కిందికీ లాగుళ్ళు తప్పవు. విద్యుత్ మోటారులో పిస్టనే లేదు, తిరగటం తప్ప ఊగటం లేదు. ఛార్లెస్ రోల్స్ 1900లోనే విద్యుత్ కారు చప్పుడు లేనిదనీ శుభ్రమైనదనీ మెచ్చుకున్నాడు. ఛార్జింగు కేంద్రాలు లేకపోవటమే చిక్కన్నాడు. డైనమోలు చేసిన రాయిస్ స్థాపించిన ఆ కంపెనీ నుంచి పూర్తి విద్యుత్ కారు 'స్పెక్టర్' 2023లో కొనేవాళ్ళకు అందింది. స్పెక్టర్ అన్నా దయ్యమే! కాని దాని బరువు ఇంకా పెరిగి సుమారు 2,900 కిలోలయింది. దానికి పోసే కరెంటు బొగ్గు మండించి తీసిందా, నీటి నుంచి వచ్చిందా, ఎండ నుంచి వచ్చిందా అన్నది కూడా చూడాలి.

చివరగా మీకో లెక్క. కొత్త ఘోస్ట్‌లో ఐదుగురు కూర్చుంటే మనిషికి దాదాపు 500 కిలోల కారు కదలాలి. ఒక్కరే వెళితే 2,490 కిలోలూ ఆ ఒక్కరికోసమే. పది టన్నుల బస్సులో యాభైమంది వెళితే మనిషికి 200 కిలోలు. మరి మీ సైకిలు బరువు ఎంత? మీ బరువు ఎంత? ఒక మనిషిని మోయటానికి ఎన్ని కిలోల ఇనుము కావాలో మీరే రాసి, మీ ఊళ్ళో తిరిగే బండ్లన్నిటికీ వరసగా ఒక పట్టిక తయారుచేయండి. ఏ బండి గొప్పదో ఆ పట్టికను చూసి చెప్పండి.